నకిరేకల్ దాటాక గుర్తొచ్చిన మెస్సు

పోయిన ఏడాది సంక్రాంతికి ముందు హైదరాబాద్ నుంచి విజయవాడ కారులో వస్తున్నాం. మా ఆయన నడుపుతున్నారు. వెనక సీట్లో మా అత్తయ్యగారు, మా అబ్బాయి. మధ్యాహ్నం రెండైంది. చౌటుప్పల్ దాటినప్పటి నుంచీ మావాడు ఆకలి ఆకలి అంటూనే ఉన్నాడు. "ఊరూరా తిరిగి తినే ఉద్యోగం కదా నీది, ఎక్కడ ఆపమంటావో చెప్పు" అన్నారు మా ఆయన.

నాది బ్యాంకులో ఇన్‌స్పెక్షన్ విభాగం. నెలలో సగం రోజులు ఏదో ఒక ఊళ్లో, ఏదో ఒక బ్రాంచిలో, పాత వోచర్ల మధ్య గడుస్తాయి. పొద్దున టిఫినూ రాత్రి భోజనమూ లాడ్జి చుట్టుపక్కల, మధ్యాహ్నం బ్రాంచి చుట్టుపక్కల. అలా తిరిగి తిరిగి రెండు రాష్ట్రాల్లో ఎక్కడ ఏం బాగుంటుందో నాకు తెలుసని ఇంట్లోనూ ఆఫీసులోనూ పేరు పడిపోయింది. నిజానికి ఆ తెలివి సగం నాది కాదు. కొత్త బ్రాంచికి వెళ్తే భోజనం ఎక్కడ బాగుంటుందని మేనేజర్‌ని అడగకూడదు, అటెండర్‌ని అడగాలి. మేనేజర్ మర్యాద కొద్దీ ఏసీ ఉన్న చోటికి తీసుకెళ్తాడు. అటెండర్ సందులోకి తీసుకెళ్తాడు.

ఆ రోజు నా మనసులో ఉన్నది నకిరేకల్ దగ్గరి ఒక మెస్సు. నాలుగు రోజులు వరసగా అక్కడ తిన్నాను. ముందు వేపచెట్టు, పక్కన పంక్చర్ షాపు, పప్పుచారులో మునక్కాడలు, అన్నీ కళ్లకు కట్టినట్టున్నాయి. పేరు మాత్రం నాలుక చివర కూడా లేదు. "ఇదిగో వస్తుంది, ఇదిగో వస్తుంది" అంటూ ఎడమపక్కనే చూస్తూ కూర్చున్నాను. నకిరేకల్ దాటింది. ఇంకో పది కిలోమీటర్లు పోయాక అప్పుడు వెలిగింది. ఆ మెస్సు ఉన్నది అవతలి వైపు, హైదరాబాద్ వెళ్లేవాళ్ల చేతి పక్క. మధ్యలో డివైడర్. వెనక్కి తిప్పితే అరగంట పోతుంది. మా అత్తయ్యగారు బ్యాగులోంచి బిస్కెట్ ప్యాకెట్ తీసి విప్పారు. ఒక్క మాటా అనలేదు. ఏదో ఒకటి అనుంటే బాగుండేది.

ఇంటికొచ్చాక ఆ వారమే మొదలుపెట్టాను.

ముందు ఉన్న సమాచారమంతా ఒక్కచోటికి చేర్చాలి కదా. అది ఎన్ని చోట్ల ఉందో చూస్తే నాకే నవ్వొచ్చింది. రెండు డైరీలు ఉన్నాయి, ఒకదాని మీద సాంబారు మరకతో సహా. ఫోన్ కాంటాక్టుల్లో 'భోజనం కావలి', 'అట్లు తుని', 'చేపల కూర ఆయన', 'పాలకొల్లు రూమ్ పక్కన' అనే మనుషులు పదిహేడు మంది ఉన్నారు. వాట్సాప్‌లో నాకు నేనే పంపుకున్న మెసేజీలు కొన్ని. ఒక ఫుడ్ యాప్‌లో గుండె గుర్తు పెట్టుకున్నవి ఇంకొన్ని ఉండేవి, ఫోన్ మార్చి నంబరు మార్చినప్పుడు ఆ అకౌంట్‌లోకి మళ్లీ వెళ్లలేకపోయాను, అవి అలాగే పోయాయి. ఇక ఫోన్ గ్యాలరీలో దోశలు, దోశలు, దోశలు.

ఈ దోశలే బాగా పనికొచ్చాయంటే నమ్మరు. కెమెరాలో లొకేషన్ ఆన్ చేసి ఉంటే ఫోటో తీసిన చోటు కూడా ఫోటోతో పాటే దాచుకుంటుంది ఫోన్. గూగుల్ ఫోటోస్‌లో బొమ్మ తెరిచి వేలితో పైకి జరిపితే కింద చిన్న మ్యాప్ కనిపిస్తుంది. ఏ సంవత్సరం, ఏ ఊరు, ఏ వీధి. కారం పూసిన దోశ ఒకటి ఎక్కడిదో ఎంత ఆలోచించినా తట్టలేదు, పైకి జరిపితే కడప బస్టాండు దగ్గర తేలింది. లొకేషన్ ఆఫ్‌లో ఉన్న రోజుల ఫోటోలు మాత్రం ఉత్త దోశల్లాగే మిగిలాయి.

రెండు ఆదివారాలు కూర్చుని అన్నీ ఒక నోట్స్‌లోకి ఎక్కిస్తే నూట నలభై మూడు తేలాయి. బ్యాంకు బుద్ధి ఎక్కడికి పోతుంది, జిల్లాల వారీగా హెడ్డింగులు పెట్టాను. అక్కడే మొదటి దెబ్బ. నా మొదటి డైరీ నాటికి ఆంధ్రలో 13 జిల్లాలు. 2022 ఏప్రిల్‌లో 26 అయ్యాయి. తెలంగాణలో 2016 దసరాకే పది జిల్లాలు 31 అయి, తరవాత 33కి చేరాయి. డైరీలో 'తూ.గో.' అని రాసుకున్న రావులపాలెం, అంబాజీపేట ఇప్పుడు కోనసీమ జిల్లాలో, తుని కాకినాడ జిల్లాలో ఉన్నాయి. 'నల్గొండ' కింద ఉన్న కోదాడ సూర్యాపేట జిల్లాకి పోయింది. సరే, ఓపికగా మార్చాను. మార్చాక చూసుకుంటే అసలు గొడవ అది కాదని అర్థమైంది. హైదరాబాద్ నుంచి విజయవాడకి 270 కిలోమీటర్ల చిల్లర. ఆ ఒక్క రోడ్డు మీద నా హోటళ్లు ఐదారు జిల్లాల కింద చెల్లాచెదురుగా పడ్డాయి. ఆకలేసినప్పుడు ఎవరైనా "ఇప్పుడు మనం యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్నామా, నల్గొండలోనా" అని చూసుకుంటారా?

దాంతో నోట్స్ పక్కన పడేసి గూగుల్ మ్యాప్స్‌లోకి దిగాను. హోటల్ పేరు వెతకడం, సేవ్ నొక్కడం, నక్షత్రం పెట్టడం. ఇలా వందకి పైగా పెట్టాక మ్యాప్ తెరిస్తే రెండు రాష్ట్రాలకీ ఆటలమ్మ పోసినట్టుంది. అన్నీ ఒకటే రంగు, ఒకటే గుర్తు. ఏది టిఫినో ఏది భోజనమో, ఏది ఐదుగురితో వెళ్లదగ్గదో ఏది నిలబడి తినాల్సిన బండో తెలిస్తే ఒట్టు.

వెతకడంలోనే ఇంకో చిక్కుంది. పేరు కొట్టగానే వచ్చిన మొదటిదాన్ని సేవ్ చేశారో అయిపోయారే. బావర్చి అని కొట్టి చూడండి, ఊరికి రెండు వస్తాయి. నాకు కావాల్సింది హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోది. లక్ష్మీ టిఫిన్స్, శ్రీనివాసా మెస్ లాంటి పేర్లయితే ఇక చెప్పక్కర్లేదు. ఏలూరులో ఉన్నదనుకుని నేను సేవ్ చేసిన ఒక మెస్సు తీరా చూస్తే ఒంగోలుది. అప్పటి నుంచి పేరుతో పాటు పక్కనున్న గుడో, సినిమా హాలో, బస్టాండో కూడా కొట్టి, లోపల జనం పెట్టిన ఫోటోల్లో ఆ గోడ రంగు, ఆ బల్లలు చూసుకుని మరీ సేవ్ నొక్కుతున్నాను.

మూడో ప్రయత్నం కుదిరింది. ఈసారి ఊళ్లూ జిల్లాలూ మానేసి దారుల వారీగా పెట్టాను. మ్యాప్స్‌లో 'కొత్త లిస్టు' అని ఉంటుంది, దానికి పేరు పెట్టుకోవచ్చు, ఒక ఎమోజీ గుర్తు కూడా ఇచ్చుకోవచ్చు. ఆ గుర్తే మ్యాప్ మీద కనిపిస్తుంది. నా లిస్టుల పేర్లు ఇవి, అంకెలున్నవి నేషనల్ హైవే నంబర్లు: 65 (హైదరాబాద్ దారి). 16 పైకి (విజయవాడ నుంచి విశాఖ). 16 కిందికి (విజయవాడ నుంచి నెల్లూరు, తడ). కోనసీమ లోపల. సీమ. హైదరాబాద్ మెట్రో. ఇంకోటి 'చుట్టూ తిరిగైనా' అని. ఆ చివరిది దారిలో తగలనివి, పనిగట్టుకుని వెళ్లదగ్గవి. ఏ ప్రయాణానికి వెళ్తున్నానో ఆ లిస్టు ఒక్కటి మ్యాప్ మీద కనిపించేలా ఉంచి మిగతావి దాచేస్తాను. ఆటలమ్మ తగ్గింది.

హైదరాబాద్‌ని దారులుగా విడగొట్టడం కుదరదు, అందుకే మెట్రో. ట్రైనింగుకని పిలిచినప్పుడు నేను తిరిగేది మెట్రోలోనే. ఏ స్టేషన్లో దిగితే ఏది అనేది రాసుకుంటే చాలు. గ్రీన్ లైన్‌లో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్. బ్లూ లైన్‌లో ప్యారడైజ్, అక్కడ స్టేషన్ పేరూ హోటల్ పేరూ ఒకటే కాబట్టి మరిచిపోవడం మన చేతిలో లేదు. చార్మినార్ పక్కన నిమ్రా ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ మాత్రం ఏ స్టేషన్ కిందా ఇమడలేదు. ఎంజీబీఎస్‌లో దిగి ఆటో అని నోట్‌లో రాసుకున్నాను.

నోట్ అన్నాను కదా, అసలు కథ అక్కడుంది. లిస్టులో చేర్చిన ప్రతి చోటు కింద మనం నాలుగు మాటలు రాసుకునే వీలుంది. చాలామంది ఆ గడి ఖాళీగా వదిలేస్తారు. నాకైతే పిన్ను కన్నా ఆ గడే ముఖ్యం. హోటల్ ఎక్కడుందో మ్యాప్ చెబుతుంది, అందులో ఏం తినాలో, ఎన్నింటికి వెళ్లాలో చెప్పదు. నక్షత్రాలు నాలుగున్నర ఉన్నచోట ఇడ్లీ బాగుంటుంది, పూరీ నూనె ఓడుతుంది. అది తిన్నవాళ్లకే తెలుస్తుంది. నా నోట్ ఒకటి ఉన్నదున్నట్టు:

"వి నుంచి హై వెళ్లేటప్పుడు ఎడమ. 12.30–3. పప్పుచారు, వంకాయ. బుధ, ఆది చేపల పులుసు. క్యాష్ ఉంచుకో. బాత్రూం ఉంది, గొళ్లెం లేదు, ముందున్న పెట్రోల్ బంకు నయం."

ఈ బాత్రూం ముక్క చదివి మా ఆఫీసులో మగవాళ్లు నవ్వారు. నవ్వనీ. ఒంటరిగా ఊళ్లు తిరిగే ఆడవాళ్లకి అది చేపల పులుసు కన్నా ముందు కావాలి. అలాగే 'ఒక్కదాన్నే కూర్చోవచ్చు' అని ఇంకో ముక్క రాసుకుంటాను. కొన్ని చోట్ల వంట అద్భుతం, కానీ రాత్రి ఎనిమిది దాటాక పక్కనే వైన్ షాపు జనం. అలాంటివి పగటి పూట లిస్టులోకే. ఇంకోటి, ఏ వైపు అన్నది. నాలుగు లైన్ల రోడ్లు వచ్చాక హోటల్ ఏ ఊళ్లో ఉందన్నది సగం సమాచారమే. ఏ చేతి పక్కనుందో ఆ నోట్‌లో ముందు రాయకపోతే బిస్కెట్ ప్యాకెట్టే గతి.

రాయడానికి బద్ధకం వేసి బ్రాంచి నుంచి లాడ్జికి ఆటోలో వెళ్తూ నోటితో చెప్పేదాన్ని, ఫోన్ తెలుగులో టైప్ చేసుకునేది. ఆటో శబ్దంలో అది వినేది ఒకటి, రాసేది ఒకటి. సీమ లిస్టులో ఇప్పటికీ 'రాగి సంగతి బాగుంది, నాటుకోడి అడగాలి' అని ఉంది. సంగటిని సంగతి చేసింది. దిద్దుదామనుకున్నాను, చదివినప్పుడల్లా నవ్వొస్తోందని ఉంచేశాను.

మ్యాప్‌లోనే లేనివి ఇంకో రకం తలనొప్పి. బోర్డు ఉండదు, పేరుండదు, ఎవరూ ఎక్కించి ఉండరు. వాటికి ఒకటే మార్గం. మనం అక్కడ నిలబడ్డప్పుడు మ్యాప్ మీద ఆ చోట వేలు కాసేపు అదిమిపెడితే ఎర్ర పిన్ను పడుతుంది. దాన్ని సేవ్ చేసి, లేబుల్ అన్నచోట మన సొంత పేరు పెట్టుకోవచ్చు. లేబుల్ పెట్టకపోతే తర్వాత చూసినప్పుడు అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలిసిన కోడ్ ఒకటి కనిపిస్తుంది, అది పొట్టిక్కలో పోలీస్ స్టేషనో మనకి గుర్తుండదు.

పొట్టిక్కలంటే గుర్తొచ్చింది. కోనసీమలో పనసాకులతో చిన్న బుట్టలు కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. అంబాజీపేట వాటికి పేరు. ఆ దగ్గర్లోనే ఒక ఊరి బ్రాంచికి వెళ్లినప్పుడు అటెండర్ పొద్దున్నే బండి మీద ఒక తాటాకు పాక దగ్గరికి తీసుకెళ్లాడు. రెండు బల్లలు, కట్టెల పొయ్యి, ఒక పెద్దాయన, ఆయన భార్య. ఆకు విప్పితే పొగతో పాటు పచ్చి పనసాకు వాసన ఇంతెత్తున లేచింది. ఇడ్లీ మీద ఆకు ఈనెల గీతలు అచ్చు పడి ఉన్నాయి. అల్లం పచ్చడి, పైన ఒక గరిటె నెయ్యి. మూడు తిన్నాక ఫోన్ తీసి పిన్ను పెడుతూ అడిగాను.

"బాబాయ్‌గారూ, మీ హోటల్ పేరేంటండీ?"

"పేరేం లేదండీ, ఆయ్. పాక అంటారండీ అందరూ."

"గూగుల్‌లో పెట్టమంటారా? దారి తెలియనివాళ్లు కూడా వస్తారు."

ఆయన నవ్వాడు కానీ పొయ్యి దగ్గర నుంచి ఆవిడ తల ఎత్తింది. "వద్దమ్మా, తల్లీ. తొమ్మిదింటికల్లా అయిపోతన్నాయి. వచ్చేవోళ్లకే చాలట్లేదు. ఆకులు కుట్టేది నేనొక్కదాన్నే."

అప్పటిదాకా నేను అటు ఆలోచించలేదు. మంచి చోటు కనిపిస్తే పదిమందికీ చెప్పడం ఉపకారమనే అనుకున్నాను. పిన్ను నా లిస్టులో పెట్టుకున్నాను, మ్యాప్‌కి కొత్త చోటుగా మాత్రం చేర్చలేదు. లేబుల్ 'పాక', నోట్‌లో '8.30 లోపు, మూడు కన్నా ఎక్కువ అడగొద్దు'.

లిస్టు పంచుకోవడం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. మా విభాగంలో పన్నెండు మందిమి. "మేడమ్, నెల్లూరులో చేపల పులుసు ఎక్కడ?", "అక్కా, కాకినాడ సుబ్బయ్య హోటల్ కాకుండా ఇంకేమైనా ఉందా?" అని మధ్యాహ్నం పన్నెండున్నరకి ఫోన్లు. సరే, మ్యాప్స్ లిస్టులని లింకుగా పంపొచ్చు కదా అని గ్రూపులో పెట్టాను. ఉత్సాహం కొద్దీ వాళ్లు కూడా మార్చేలా అనుమతి ఇచ్చాను. వారం తిరిగేసరికి ఒక కుర్రాడు రీల్స్‌లో చూసినవి నలభై దాకా చేర్చాడు. "తిన్నావా నాన్నా ఇవన్నీ?" అంటే "లేదు మేడమ్, వ్యూస్ చాలా ఉన్నాయి" అన్నాడు. అనుమతి తీసేశాను. ఇప్పుడు అందరూ చూడొచ్చు, చేర్చేది నేనే. ఎవరైనా కొత్త చోటు చెప్తే 'తినాలి' అనే వేరే లిస్టులోకి వెళ్తుంది, నేను తిన్నాకే అసలు లిస్టులోకి. కొంచెం అధికారం చెలాయించినట్టే ఉంటుంది, ఉండనీ. పాక ఉన్న కోనసీమ లిస్టు మాత్రం గ్రూపులో పెట్టలేదు.

'చుట్టూ తిరిగైనా' లిస్టుకి నియమాలేమీ లేవు. ఆర్మూర్ పక్కన ఆంకాపూర్ నాటుకోడి అందులో ఉంది. అది కూర్చుని తినే హోటల్ వ్యవహారం కాదు, ముందే ఫోన్ చేసి చెప్పుకుంటే కోడికూర, అన్నం కట్టిస్తారు. నోట్‌లో ఫోన్ నంబరే ముఖ్యం. మారేడుమిల్లి బొంగు చికెన్ ఉంది. అక్కడ సిగ్నల్ ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి రంపచోడవరంలో ఉండగానే దారి చూసుకోవాలి. ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం కాజా, మాడుగుల హల్వా కూడా ఉన్నాయి. ఇవి హోటళ్లు ఎలా అవుతాయని మా అబ్బాయి అడిగాడు. అన్నవరం ప్రసాదం కూడా పెట్టుకున్నాను, ఏం చేస్తాడు.

నూట నలభై మూడు కాస్తా తొంభై ఆరుకి దిగాయి. కొన్ని నేనే తీసేశాను. డైరీలో 'సూపర్' అని రాసుకున్నవి మళ్లీ వెళ్లి తింటే, ఆ రోజు నాకు ఆకలి సూపర్ అని తేలింది. కొన్ని మాత్రం కరోనా తర్వాత తెరుచుకోలేదు. మ్యాప్‌లో 'శాశ్వతంగా మూసివేశారు' అని ఎర్ర అక్షరాలు కనిపిస్తాయి. వాటిని తీసేయబోయి, చెయ్యి రాక, 'మూతపడ్డవి' అని ఒక లిస్టులోకి జరిపాను. పద్నాలుగున్నాయి. ఆ లిస్టుని మ్యాప్ మీద కనిపించనివ్వను.

ఇంతా చేసి మళ్లీ ఫోన్ పోతే ఏంటి గతి అని పాత భయం ఒకటి ఉంది నాకు. ఇవి ఫోన్‌లో కాకుండా గూగుల్ అకౌంట్‌లో ఉంటాయి కాబట్టి కొత్త ఫోన్‌లో లాగిన్ అయితే వచ్చేస్తాయి. అయినా ఆడిటర్ని కదా, ఇంకో కాపీ లేకుండా నిద్ర పట్టదు. గూగుల్ టేకౌట్ అని ఉంది, అక్కడ అడిగితే మన లిస్టులని ఒక్కోదాన్ని ఒక్కో షీటుగా ఇస్తుంది, నోట్స్‌తో సహా. మార్చి క్లోజింగ్ అయ్యాక ఒకసారి, దసరాకి ఒకసారి దించుకుంటున్నాను.

నకిరేకల్ మెస్సు విషయం చెప్పలేదు కదూ. మేలో పెళ్లికని మళ్లీ అందరం హైదరాబాద్ బయల్దేరాం. ఈసారి వెళ్లేటప్పుడే తినాలని ముందే అనుకున్నాం, అప్పుడైతే అది మన వైపే. 65 లిస్టు తెరిచి ఫోన్ డ్యాష్‌బోర్డు మీద పెట్టాను. కోదాడ దగ్గర టీకి ఆగి ఆలస్యం చేశాం. సూర్యాపేట దాటాక మా ఆయన నోట్ చదివించుకుని "మూడు దాకా ఉంటుందిగా, టెన్షన్ పడకు" అన్నారు. వేపచెట్టు కనిపించింది. పంక్చర్ షాపు లేదు, ఆ చోట మొబైల్ షాపు పెట్టారు. లోపలికి వెళ్లేసరికి గోడ గడియారంలో మూడుకి పది నిమిషాలుంది. ఒకామె బల్లలు తుడుస్తోంది.

"అన్నం ఒడిసిందమ్మా" అంది.

మా అత్తయ్యగారు నావైపు చూడలేదు, నేరుగా ఆమె దగ్గరికి వెళ్లారు. "మజ్జిగ అన్నా ఉందా తల్లీ?" అని అడిగారు. ఆమె లోపలికి వెళ్లి గిన్నెలో అడుగున మిగిలిన అన్నం తెచ్చింది, పెరుగు పోసింది, ఉల్లిపాయ కోసింది. పప్పుచారు ఒక రెండు గరిటెలుంటే అది మా అబ్బాయికి. నలుగురం ఒకే బల్ల మీద సర్దుకుని తిన్నాం. డబ్బులు ఎంతని అడిగితే పెరుగుకి మాత్రం తీసుకుంది.

కారెక్కాక నోట్ తెరిచాను. '12.30–3' అన్నదాన్ని '12.30–2.30' అని దిద్దాను. పక్కన 'పంక్చర్ షాపు లేదు, మొబైల్ షాపు' అని చేర్చాను. "పెరుగు బాగుందని రాయి" అన్నారు వెనక నుంచి మా అత్తయ్యగారు.